సర్టిఫికెట్ వచ్చింది, వెతకడం మాత్రం రాలేదు. ఇంటి నుంచే పరిశోధన నేర్చుకున్నవాళ్లు దారి చెప్పండి

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 1:20

అందరికీ నమస్కారం. నేను నర్సుని. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో పైచదువు చదువుతున్నాను. ప్రాజెక్టుకి "రాత్రి డ్యూటీలు, మందులివ్వడంలో పొరపాట్లు" అనే అంశం తీసుకున్నాను. మొదలుపెట్టే ముందు సమాచార అక్షరాస్యత (సమాచారం వెతకడం, నమ్మదగినదో కాదో చూసుకోవడం) మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కూడా చేశాను. వీడియోలన్నీ చూశాను, క్విజ్‌లో మంచి మార్కులే వచ్చాయి, సర్టిఫికెట్ ఇచ్చారు.

తీరా వెతకడానికి కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు. ప్రశ్న మొత్తం టైప్ చేస్తే వేలకు వేలు వస్తున్నాయి. దాన్నే కొటేషన్ గుర్తుల్లో పెడితే ఒక్కటీ రావడం లేదు. ఏది చదవాలో, ఏది వదిలేయాలో తెలియదు. బాగుందనిపించిన వ్యాసం తెరిస్తే డబ్బు కట్టమంటుంది. గైడ్‌ని అడిగితే "లైబ్రరీ డేటాబేసుల్లో చూడు" అన్నారు, అంతే. మూడు రాత్రులు ఇలాగే పోయాయి.

లైబ్రరీకి వెళ్లి కూర్చునే వీలు నాకు లేదు. ఇంట్లోనే, తెర ముందే ఇది నేర్చుకున్నవాళ్లుంటే ఎలా నేర్చుకున్నారో చెప్పండి. ఇంకో కోర్సు పేరు మాత్రం వద్దు, దయచేసి.

చినుకు | సోమవారం, ఉదయం 7:05

అక్కా, నాదీ ఇదే బాధ. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఎవరైనా ఏదైనా చెప్తే నేనూ నేర్చుకుంటాను. ఈ చర్చను వదలను.

పాఠాలపంతులు | సోమవారం, ఉదయం 8:40

వీడియో చూసి ఈత నేర్చుకున్నవాళ్లు ఎవరూ ఉండరు కదమ్మా. ఇదీ అంతే. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం, స్వయంగా చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని ఎడ్గార్ డేల్ అనే విద్యావేత్త ఎప్పుడో తేల్చారు. మీ కోర్సు మీకు చూపించింది, వినిపించింది. చేయించలేదు. కాబట్టి సొంత ప్రశ్న ఒకటి పట్టుకుని రోజూ అరగంట దానిమీదే వెతకండి. పదిహేను రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

పుస్తకాలగూడు | సోమవారం, మధ్యాహ్నం 2:15

కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మూడు రాత్రులు పోయాయన్నారు. పోలేదమ్మా. కరోల్ కుల్తావ్ అనే గ్రంథాలయ శాస్త్ర ఆచార్యురాలు 1980ల నుంచి విద్యార్థులు పరిశోధన చేసేటప్పుడు ఏం చేస్తున్నారు అన్నదానితో పాటు వాళ్ల మనసులో ఏం జరుగుతోందో కూడా గమనించి, ఆ ప్రయాణాన్ని ఆరు దశలుగా చూపించారు. అంశం ఎంచుకోగానే మనసు తేలికపడుతుంది. దాని తర్వాతి దశలో, అంటే అటూ ఇటూ చదివి చూసే దశలో, గందరగోళం తగ్గకపోగా పెరుగుతుంది. నేనసలు ఏం అడుగుతున్నాను అన్నది తేలాకే ధైర్యం వస్తుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. ఇక్కడ చాలామంది తమకి తెలివి లేదనుకుని ఆపేస్తారు. నా బల్ల ముందుకొచ్చి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. మీరు ఆపకండి.

ఇప్పుడు పని. తెరకి కాసేపు దూరంగా ఉండండి. కాగితం మీద మీ ప్రశ్నను ముక్కలు చేయండి. మీ దాంట్లో మూడున్నాయి: రాత్రి డ్యూటీ, మందుల పొరపాటు, నర్సులు. ఒక్కో ముక్క కింద ఆ మాటని వేరేవాళ్లు ఇంకెలా అనొచ్చో రాయండి. నైట్ షిఫ్ట్ అనేవాళ్లు ఉంటారు, షిఫ్ట్ వర్క్ అనేవాళ్లు, పన్నెండు గంటల షిఫ్ట్ అనేవాళ్లు, అలసట అని రాసేవాళ్లు ఉంటారు. ఒకే ముక్క కిందున్న మాటల మధ్య "ఆర్" (OR) పెడతాం, ముక్కకీ ముక్కకీ మధ్య "యాండ్" (AND) పెడతాం. "ఆర్" వల పెద్దది చేస్తుంది, "యాండ్" చిన్నది చేస్తుంది. "ఆర్" మాటల చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే కంప్యూటర్ వాటిని తనకి తోచిన వరసలో కలిపేస్తుంది.

ఇంకా ముఖ్యమైనది మరొకటుంది, దీన్ని కోర్సుల్లో అర నిమిషంలో దాటేస్తారు. మనం వాడే మాట వేరు, లైబ్రరీవాళ్లు ఆ విషయానికి పెట్టిన పేరు వేరు. పబ్‌మెడ్ అనే ఉచిత వైద్య డేటాబేస్‌లో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. వాటికి విషయాన్ని బట్టి పేర్లు తగిలించే పదకోశాన్ని మెష్ అంటారు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1960 నుంచి దాన్ని నడుపుతోంది. మనం గుండెపోటు అంటాం, అక్కడి పేరు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్. మనం క్యాన్సర్ అంటాం, అక్కడ నియోప్లాజమ్స్. రచయిత ఏ మాట వాడినా ఆ పేరు, అంటే విషయ శీర్షిక, పట్టుకుంటే అన్నీ ఒకచోట దొరుకుతాయి. మీకు పనికొచ్చేవి "మెడికేషన్ ఎర్రర్స్", "షిఫ్ట్ వర్క్ షెడ్యూల్", "వర్క్ షెడ్యూల్ టాలరెన్స్".

ఈ పేర్లు ఎలా కనిపెట్టాలంటే, మీ అంశానికి సరిగ్గా సరిపోయే వ్యాసం ఒక్కటి, ఎలాగోలా, సంపాదించండి. దాని వివరాల పేజీ కిందికి వెళ్తే దానికి తగిలించిన శీర్షికలన్నీ కనిపిస్తాయి. వాటిని ఎత్తుకొచ్చి మళ్లీ వెతకండి. లైబ్రరీలో ఒక మంచి పుస్తకం దొరికితే దాని పక్కనున్నవి కూడా చూస్తాం కదా, అదే పద్ధతి.

చివరగా, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తారీకు, ఎక్కడ వెతికారు, ఏ మాటలతో, ఎన్ని వచ్చాయి, తర్వాత ఏం మార్చాలి. ఇది లేకపోతే నాలుగో రాత్రి కూడా మొదటి రాత్రి పనే చేస్తారు.

తీగలాగితే | సోమవారం, సాయంత్రం 6:30

> చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం...

పంతులు గారూ, మీరిచ్చిన సలహా మంచిది. దానికి ఆనించిన అంకెలు మాత్రం నిలబడవు. తప్పు పట్టాలని కాదు, మనం మాట్లాడుకుంటున్న విషయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు కాబట్టి చెప్తున్నాను.

ఎడ్గార్ డేల్ 1946లో దృశ్య శ్రవణ బోధన మీద రాసిన పుస్తకంలో "అనుభవాల శంకువు" అని ఒక బొమ్మ వేశారు. చేతితో చేసే అనుభవాలు అడుగున, వట్టి మాటలు, గుర్తులు కొసన. అందులో శాతాలే లేవు. ఎంత గుర్తుంటుంది అన్నది ఆ బొమ్మ విషయమే కాదు. శాతాలు వేరే దారిలో వచ్చాయి. 1967లో ఒక దృశ్య శ్రవణ పత్రికలో, వెనక ఏ పరిశోధనా చూపకుండా, అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎవరో ఈ రెంటినీ అతికించారు. 2014లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ అనే పత్రిక ఈ అతుకు కథ మీదే వరసగా వ్యాసాలు వేసింది.

నాకు మొదట అనుమానం వచ్చింది అంకెల్ని చూసి. పది, ఇరవై, ముప్పై. నిజంగా మనుషుల మీద ప్రయోగం చేస్తే ఇంత గుండ్రటి అంకెలు వరసగా రావు. తర్వాత ఆ పేరు పక్కన "మిత్" (అపోహ) అన్న మాట చేర్చి వెతికాను. ఆ తర్వాత డేల్ పుస్తకం స్కాన్ తెరిచి ఆ పేజీ నా కళ్లతో చూశాను. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

పాఠాలపంతులు | సోమవారం, రాత్రి 9:10

చదివాను. ఆ బొమ్మ నాకు ఒక శిక్షణ తరగతిలో ఇచ్చారు. పదేళ్లుగా నేనూ కొత్త టీచర్లకు చూపిస్తున్నాను. కింద డేల్ పేరు, సంవత్సరం ఉండేసరికి ఇక చూడాల్సిందేమీ లేదనుకున్నాను. మీరు చెప్పాక నేనూ ఆ పుస్తకం తెరిచాను. శాతాలు లేవు. ఈ వారమే నా స్లైడు తీసేస్తున్నాను. ఇంతకుముందు చూపించినవాళ్లలో నంబర్లున్నవాళ్లకి ఫోన్ చేసి చెప్తాను.

చినుకు | సోమవారం, రాత్రి 9:40

కింద పేరూ సంవత్సరం ఉంటే నిజమనే నేనూ అనుకుంటాను! అలాగైతే దేన్ని నమ్మాలి? మా క్లాసులో ఒక చెక్‌లిస్టు ఇచ్చారు. తారీకు ఉందా, రచయిత ఎవరు, సైటు పేరు చివర ఏముంది, ప్రకటనలు ఉన్నాయా, తప్పులున్నాయా అని టిక్కులు పెట్టుకుంటూ పోవాలి.

అక్షరవేట | సోమవారం, రాత్రి 11:00

చినుకూ, ఆ చెక్‌లిస్టులు చెడ్డవని కాదు, కానీ అవి నిన్ను ఆ పేజీలోనే కూర్చోబెడతాయి. పేజీని అందంగా తయారుచేసినవాళ్లు ఆ టిక్కులన్నీ సంపాదించేస్తారు.

దీనిమీద స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన పరిశోధన 2017లో బయటికొచ్చింది. 45 మందిని తీసుకున్నారు. పదిమంది పీహెచ్‌డీలున్న చరిత్రకారులు, పదిమంది వృత్తి రీత్యా వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లు, పాతికమంది విద్యార్థులు. అందరికీ తెలియని సైట్లిచ్చి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. విద్యార్థులే కాదు, చరిత్రకారుల్లో కూడా చాలామంది ఆ సైటునే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, లోగో చూసి, పేరు చూసి మోసపోయారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో, సరైన జవాబుకి వచ్చారు. దీన్ని పక్కచూపు చదువు అనుకోవచ్చు.

అందులో ఒక జత సైట్లు నాకు బాగా గుర్తు. పిల్లల వైద్యుల సంఘాలు రెండు. పేర్లు దాదాపు ఒకటే. ఒకటి వేలాది వైద్యులున్న పెద్ద వృత్తి సంఘం. రెండోది ఒక విధానం విషయంలో విభేదించి వేరుపడిన చిన్న గుంపు. పేజీ ఎంతసేపు చూసినా ఆ తేడా తెలియదు. బయటికి రెండు నిమిషాలు వెళ్తే తెలుస్తుంది.

నువ్వడిగిన "దేన్ని నమ్మాలి" అన్న ప్రశ్న కంటే "దీని వెనక ఎవరున్నారు" అన్నది తేలిక. దాంతో మొదలుపెట్టు. వికీపీడియా కూడా ఈ పనికి బాగా పనికొస్తుంది. వ్యాసాన్ని ఉదహరించడానికి కాదు, కింది మూలాల జాబితా కోసం, సంస్థ చరిత్ర కోసం.

రాత్రిడ్యూటీ | బుధవారం, రాత్రి 2:05

పుస్తకాలగూడు గారూ, మీకు ఎన్నిసార్లు దండం పెట్టాలో తెలియడం లేదు. ఏడుపొచ్చింది ఆ కుల్తావ్ గారి మాట చదివి.

కాగితం మీద ముక్కలు చేశాను. పబ్‌మెడ్‌లో శీర్షికలతో వెతికితే వేలు వందల్లోకి దిగాయి, అందులోనూ మొదటి పేజీలో సగం నా అంశానివే. ఇంకోటి కనిపెట్టాను. అడ్వాన్స్‌డ్ పేజీలో వివరాలు నొక్కితే నేను టైప్ చేసినదాన్ని అది లోపల ఎలా మార్చుకుందో చూపిస్తోంది. నేను మామూలుగా రాసిన మాటకి అదే శీర్షికలు చేర్చుకుంటోంది. మరి కొటేషన్లలో పెట్టినప్పుడు ఎందుకు చేర్చుకోలేదు?

పుస్తకాలగూడు | బుధవారం, ఉదయం 10:30

ఆ వివరాల పేజీ మీ అంతట మీరే కనిపెట్టారా! నేను చెప్పడం మర్చిపోయాను. అసలు పాఠం అక్కడే ఉంది.

కొటేషన్ పెడితే "నేను రాసింది రాసినట్టే కావాలి, నువ్వేమీ చేర్చకు" అని చెప్పినట్టు. అందుకే ఆ సాయం ఆగిపోతుంది. పబ్‌మెడ్‌లో నక్షత్రం గుర్తు పెట్టినా అంతే. ఎన్, యు, ఆర్, ఎస్ అనే నాలుగక్షరాలు రాసి నక్షత్రం పెడితే నర్స్, నర్సెస్, నర్సింగ్ అన్నీ వస్తాయి, కానీ శీర్షికలు చేరవు. కాబట్టి రెండూ కలిపి వాడాలి, శీర్షిక ఒకటి, మామూలు మాటలు కొన్ని, మధ్యలో "ఆర్". కొత్తగా వచ్చిన వ్యాసాలకి ఇంకా శీర్షిక తగిలించి ఉండకపోవచ్చు, మామూలు మాటలు వాటిని పట్టుకుంటాయి.

మీది నర్సింగ్ కాబట్టి సినాల్ అనే డేటాబేస్ కూడా చూడాలి. అది చందా కట్టేది. మీ విశ్వవిద్యాలయం లైబ్రరీ కట్టి ఉండొచ్చు, దూరవిద్య విద్యార్థులకి ఇంటి నుంచి లాగిన్ ఇస్తారేమో అడగండి. చాలామంది అడగరు కాబట్టి తెలియదు. లైబ్రరీ సైటులో "లైబ్రేరియన్‌ని అడగండి" అని ఒక మూల ఉంటుంది చూడండి. అక్కడ రాసేవాళ్లు తక్కువ. మేం ఎదురుచూస్తూ ఉంటాం, నిజం.

తెరచాప | బుధవారం, మధ్యాహ్నం 1:00

ఇన్ని తిప్పలెందుకండీ? ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే పది వ్యాసాల పేర్లు, రచయితలు, సంవత్సరాలతో సహా ఇస్తుంది. నేను ఆఫీసు రిపోర్టులకి అలాగే చేస్తున్నాను.

అక్షరవేట | బుధవారం, మధ్యాహ్నం 1:45

ఆ పదింటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూశారా?

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో లాయర్లు చాట్‌బాట్ ఇచ్చిన పాత తీర్పుల్ని తమ వాదనలో రాసి దాఖలు చేశారు. తీర్పుల పేర్లున్నాయి, నంబర్లున్నాయి, కొటేషన్లున్నాయి. ఆ తీర్పులే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. వాళ్లు కొత్తవాళ్లు కూడా కాదు, ఏళ్ల తరబడి ప్రాక్టీసున్నవాళ్లు. పేరు, సంవత్సరం, పేజీ నంబరు కుదురుగా కనిపిస్తే కళ్లు వెతకడం ఆపేస్తాయి. పైన పంతులు గారు చెప్పిందీ అదే కదా.

వ్యాసం నిజంగా ఉందో లేదో చూడటానికి డీఓఐ అనే గుర్తింపు సంఖ్య తేలికైన దారి. 10 అంకెతో మొదలవుతుంది. దాన్ని డీఓఐ సైటులో పెడితే నేరుగా ఆ వ్యాసానికి తీసుకెళ్లాలి. వేరే వ్యాసానికి వెళ్లిందంటే సంఖ్య తప్పు పడిందో, ఎవరో అల్లారో అన్నమాట. పాతవాటికి డీఓఐ లేకపోవచ్చు, అప్పుడు పేరునే కొటేషన్లలో పెట్టి వెతకాలి.

తెరచాప | బుధవారం, సాయంత్రం 5:20

చూశాను. పోయిన నెల రిపోర్టులోంచి ఆరు తీసి వెతికాను. నాలుగు దొరికాయి. ఒకటి ఉంది కానీ అది చెప్పేది నేను రాసిన దానికి సంబంధం లేదు. ఒకటి ఎక్కడా లేదు. రిపోర్టు వెనక్కి తీసుకుని సరిచేసి పంపాను.

ఒక మాట మాత్రం దాని తరఫున చెప్తాను. పర్యాయపదాలు రాబట్టడానికి అది బాగా పనిచేస్తుంది. పుస్తకాలగూడు గారు చెప్పిన మాటల జాబితాని అడిగితే నాకు తట్టనివి ఓ పదిహేను ఇచ్చింది. మాటలు దాన్నడిగి, వ్యాసాలు డేటాబేస్‌నడిగితే సరిపోతుందేమో.

పుస్తకాలగూడు | బుధవారం, సాయంత్రం 6:00

సరిపోతుంది. మా విద్యార్థులకీ ఇకనుంచి ఇదే చెప్తాను.

చినుకు | గురువారం, ఉదయం 7:30

నాదొక చిన్న సందేహం. తెలుగులో రాసినవి వెతికితే ఎందుకు దొరకవు? పుస్తకం ఉందని తెలుసు, పేరు తెలుసు, అయినా రాదు.

పుస్తకాలగూడు | గురువారం, ఉదయం 9:15

మూడు కారణాలుంటాయి. గ్రంథాలయం అని కొందరు, గ్రంధాలయం అని కొందరు రాస్తారు. సైన్స్, సైన్సు. మనకి ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు. రెండోది, స్కాన్ చేసిన పాత పుస్తకాల పేర్లు చాలాచోట్ల ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి, అదీ ఒక్కొక్కరు ఒక్కోలా. దీర్ఘం ఉన్నచోట ఒకరు "ఏ" (a) అక్షరం రెండుసార్లు వేస్తారు, ఇంకొకరు ఒకటే వేస్తారు. అన్ని రకాలుగా ప్రయత్నించాలి, రచయిత ఇంటిపేరుతో కూడా. మూడోది, లోపలి పేజీలు వట్టి బొమ్మలైతే అందులోని మాటలు వెతుకులాటకి అందవు. అప్పుడు విషయసూచిక తెరిచి చేత్తో తిప్పుకోవడమే.

రాత్రిడ్యూటీ | శుక్రవారం, రాత్రి 12:50

ఇంకో సాయం కావాలి. నా ప్రాజెక్టు మొదటి వాక్యం ఇది: "అమెరికాలో ఏటా 98,000 మంది మందులివ్వడంలో జరిగే పొరపాట్ల వల్ల ఆస్పత్రుల్లో చనిపోతున్నారు." మాకిచ్చిన నోట్సులో ఉంది. రెండు మూడు వ్యాసాల్లో కూడా ఇలాగే చూశాను. కానీ ఆ శాతాల కథ చదివాక చెయ్యి ఆగిపోయింది. దీన్ని ఎలా పట్టుకోవాలి?

తీగలాగితే | శుక్రవారం, ఉదయం 8:00

జవాబు నేను చెప్పను, మీరే తియ్యగలరు. దారి మాత్రం చెప్తాను. ఆ వ్యాసాలు ఆ అంకె పక్కన ఏ మూలం ఇచ్చాయో చూడండి. అది ఇంకో వ్యాసానికి పంపితే అక్కడికి వెళ్లండి. ఎవరు మొదట లెక్కపెట్టారో వాళ్ల దాకా ఆగకండి. నాకు తెలిసినంతలో మీరు ఆగేచోటు అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో విడుదల చేసిన "టు ఎర్ర్ ఈజ్ హ్యూమన్" నివేదిక. నేషనల్ అకాడమీస్ ప్రెస్ సైటులో ఉచితంగా చదవొచ్చు. అంకె ఉన్న వాక్యంతో పాటు దాని ముందు పేరా, వెనక పేరా కూడా చదవండి.

నిదానం | శుక్రవారం, ఉదయం 11:20

అడగకుండానే ఒక మాట. ప్రతి వాక్యాన్నీ ఇలా తవ్వుతూ కూర్చుంటే ఆవిడ ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుంది? ఉద్యోగం, ఇల్లు, చదువు మూడూ మోస్తున్న మనిషి. గడువు ఉంటుంది కదా.

తీగలాగితే | శుక్రవారం, మధ్యాహ్నం 12:10

న్యాయమైన మాట. ప్రతిదీ తవ్వక్కర్లేదు. మీ వాదన ఏ రెండు మూడు వాక్యాల మీద నిలబడిందో వాటిని తవ్వాలి. మొదటి వాక్యం తప్పైతే పరీక్షకుడు రెండోది అనుమానంతోనే చదువుతాడు.

పుస్తకాలగూడు | శుక్రవారం, మధ్యాహ్నం 3:00

వెతకడం ఎప్పుడు ఆపాలన్నదానికీ ఒక గుర్తుంది. మాటలు మార్చి వెతికినా, డేటాబేస్ మార్చినా, చూసిన వ్యాసాలే మళ్లీ ఎదురవుతుంటే ఇక చాలు. ఆ నోటుపుస్తకం ఉంటేనే ఇది తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 1:35

దొరికింది. వరసగా చెప్తాను.

నివేదికలో 98,000 ఉంది. కానీ అది మందుల పొరపాట్ల లెక్క కాదు. ఆస్పత్రుల్లో జరిగే అన్ని రకాల వైద్య పొరపాట్లదీ. పైగా అది ఒక అంకె కూడా కాదు, 44,000 నుంచి 98,000 దాకా అని ఉంది. కొలరాడో, యూటా రాష్ట్రాల్లో చేసిన అధ్యయనాన్ని దేశమంతటికీ లెక్కిస్తే చిన్న అంకె, న్యూయార్క్‌లో చేసినదాన్ని లెక్కిస్తే పెద్ద అంకె. మధ్యలో ఎవరో చిన్నది వదిలేసి పెద్దది ఉంచుకున్నారు, ఇంకెవరో "వైద్య" తీసి "మందుల" అని పెట్టారు. మందుల పొరపాట్ల గురించి ఆ నివేదికలోనే వేరుగా ఉంది, ఏడు వేలకు పైగా మరణాలు, 1993 సంవత్సరానికి.

అక్కడితో ఆగుదామనుకున్నాను. కానీ ఆ ఏడు వేల పక్కన కూడా ఒక మూలం ఉంది, 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం. డబ్బు కట్టమంది. లైబ్రేరియన్‌ని అడగండి అన్నచోట రాశాను. జవాబు రాదనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి వ్యాసం పంపించారు! మా యూనివర్సిటీలో ఇలాంటి సదుపాయం ఉందని రెండేళ్లుగా నాకు తెలియదు.

ఆ వ్యాసంలో మరణ ధ్రువపత్రాలు లెక్కపెట్టారు. 1983లో 2,876, 1993లో 7,391. అయితే ఆస్పత్రిలో చేరినవాళ్లలో పెరుగుదల 2.37 రెట్లు, చేరకుండా బయట చికిత్స పొందేవాళ్లలో 8.48 రెట్లు. అంటే ఆ వ్యాసం ముఖ్యంగా చెప్తున్నది ఆస్పత్రి బయట జరిగే వాటి గురించి. వార్డులో నర్సు చేతి మీదుగా ఇచ్చే మందు గురించి కాదు. నా అంశానికి ఇదీ పనికిరాదు.

అక్షరవేట | ఆదివారం, ఉదయం 9:00

అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ! ఇప్పటిదాకా వెనక్కి వెళ్లారు. ఇక ముందుకి కూడా వెళ్లండి. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో, ఇతరులు ఉదహరించిన ఏ వ్యాసం కిందైనా "సైటెడ్ బై" అని ఉంటుంది. దాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో ఆ జాబితా చూపిస్తుంది. ఒక మంచి పాత వ్యాసం చేతిలో ఉంటే ఇప్పటి పరిశోధన దాకా అదే నడిపిస్తుంది. యూజీన్ గార్ఫీల్డ్ అనే సమాచార శాస్త్రవేత్త 1955లో ప్రతిపాదించి 1964లో సూచికగా అచ్చేసిన ఆలోచన ఇది, అప్పట్లో లావుపాటి సంపుటాలు తిరగేసేవాళ్లు.

ఇంకోటి, చివరికి వాడుకునే ప్రతి వ్యాసం ఉపసంహరణకి గురైందేమో చూసుకోండి. ఆటిజానికీ ఎంఎంఆర్ టీకాకీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ 2010లో గానీ పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. పన్నెండేళ్లు. పబ్‌మెడ్‌లో ఇలాంటి వాటి మీద స్పష్టంగా గుర్తు ఉంటుంది. జొటెరో అనే ప్రోగ్రాంలో వ్యాసాలు దాచుకుంటే అదే హెచ్చరిస్తుంది. అది ఉచితం, మూలాల జాబితా కూడా తయారుచేసిపెడుతుంది.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 3:10

డ్యూటీలో విరామం. త్వరగా రాస్తున్నాను.

ముందుకి వెళ్తే ఆన్ రోజర్స్, ఆవిడ బృందం 2004లో హెల్త్ అఫైర్స్ అనే పత్రికలో రాసిన వ్యాసం తగిలింది. 393 మంది నర్సులు తమ డ్యూటీల్ని డైరీల్లో రాశారు, మొత్తం 5,317 షిఫ్టులు. పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసినప్పుడు పొరపాటు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు. పొరపాట్లు కూడా వాళ్లే స్వయంగా రాసుకున్నవి, ఆ పరిమితి వ్యాసంలోనే ఉంది, నేనూ నా దాంట్లో రాస్తాను.

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేనింతవరకు "రాత్రి" అన్న మాట పట్టుకుని వెతుకుతున్నాను. అక్కడ వాళ్లు కొలిచింది రాత్రా పగలా అని కాదు, ఎన్ని గంటలు అని. ఇక్కడ మా వార్డులో చేయి దాటిపోయిన సందర్భాలు గుర్తుచేసుకుంటే అవీ డ్యూటీ చివరి గంటల్లోవే, తర్వాతి షిఫ్టువాళ్లు రాక ఆగిపోయిన రోజుల్లోవే. నా ప్రశ్నలోనే మాట తప్పు ఉందేమో.

గైడ్‌కి రాశాను, అంశం "డ్యూటీ నిడివి" అని మార్చుకోవచ్చా అని. 98,000 వాక్యం కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో ఇంకా తెలియదు. కాగితం మీద మళ్లీ ముక్కలు చేస్తున్నాను. ఈసారి "రాత్రి" కింద ఒక్కటే ఉంది, "గంటలు" కింద తొమ్మిది మాటలు వచ్చాయి. బెల్ మోగుతోంది, వెళ్తాను.

పుస్తకాలగూడు | మంగళవారం, ఉదయం 10:05

"ఓవర్‌టైమ్" మర్చిపోకండి. ఆ తొమ్మిదిలో లేకపోతే చేర్చండి, మెష్‌లో "వర్క్‌లోడ్" కూడా చూడండి. పాత వ్యాసాలకీ కొత్తవాటికీ శీర్షికలు మారి ఉండొచ్చు, రెండు రకాలూ "ఆర్" తో కలపండి.